ఉపేక్షించుకోవడమంటే చెరిపివేసుకోవడమా?

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. నాకు 36 ఏళ్లు. ఇంటికి పెద్ద కోడలిని, బడిలో ఉపాధ్యాయురాలిని. సంఘంలో సండే స్కూలునూ స్త్రీల కూడికనూ నేనే చూసుకుంటాను. ఎవరు ఏ పని చెప్పినా కాదనలేను. ఈమధ్య మా అత్తగారికి తోడుగా ఆసుపత్రిలో ఉన్న రాత్రుల్లో, ఈ పనులన్నీ తీసివేస్తే నేనెవరిని అన్న ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు. "తన్నుతాను ఉపేక్షించుకొని" అన్న వచనం విన్న ప్రతిసారీ నాకంటూ ఏమీ మిగలకూడదని దేవుడే అంటున్నట్లు భయం వేస్తుంది. నన్ను నేను వెదకుకోవడం పాపమా?
– ఒక సహోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సహోదరీ, అది పాపం కాదు. మీరు రాసిన మత్తయి 16:24ను దాని తరువాతి వచనంతో కలిపి చదవండి. తన ప్రాణాన్ని రక్షించుకొనగోరువాడు దాన్ని పోగొట్టుకొంటాడని, తన నిమిత్తం పోగొట్టుకొనువాడు దాన్ని దక్కించుకొంటాడని ప్రభువు అన్నాడు. మన బైబిలులో "ప్రాణము" అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట ప్సూఖే. ఆ మాటకు ప్రాణమనే కాక, మనిషి లోపలి "నేను" అన్న అర్థమూ ఉంది. మిమ్మల్ని లేకుండా చేయడమే ఆయన ఉద్దేశమైతే, దక్కించుకోవడం గురించి చెప్పవలసిన అవసరమే ఉండేది కాదు.

లూకా 15లో తప్పిపోయిన చిన్న కుమారునికి "బుద్ధి వచ్చినప్పుడు" అని మనం చదువుకుంటాం. మూలంలో ఆ పలుకుకు "తనలోనికి తాను వచ్చినప్పుడు" అని అర్థం. తండ్రి ఇల్లు గుర్తుకు వచ్చిన ఆ గడియలోనే తానెవరో కూడా అతనికి గుర్తుకు వచ్చింది. అయితే, నొప్పించాలని రాయడం లేదు గాని, మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు పెద్ద కుమారుడే కళ్లముందు మెదిలాడు. అతడు ఇల్లు విడిచి వెళ్లలేదు, పొలం పని మానలేదు. అయినా "యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అంటూ, తాను కొడుకునన్న సంగతి మరచి, కూలివాడిలా లెక్క చెప్పాడు. తండ్రి ఆ లెక్క జోలికి పోకుండా, "కుమారుడా" అని పిలిచి, నీవెల్లప్పుడూ నాతో ఉన్నావు, నావన్నీ నీవే అన్నాడు. ఆసుపత్రి వరండాలో మీకు ఎదురైన ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. ఆ పనులన్నీ తీసివేసినా, మీరు ఆయన కుమార్తెగానే ఉంటారు.

యోహాను 13లో ప్రభువు శిష్యుల కాళ్లు కడగడానికి లేచే ముందు సువార్తికుడు ఒక మాట చెబుతాడు: తాను దేవుని యొద్దనుండి వచ్చానని, దేవుని యొద్దకే వెళ్లవలసి ఉన్నదని యేసుకు తెలుసు. అది తెలిసినందువల్లనే, ఎవరి మెప్పూ కోరకుండా, తువాలు నడుముకు కట్టుకొని, తనను అప్పగించబోయే యూదా ఉండగానే ఆయన కాళ్లు కడగగలిగాడు. తానెవరో తెలిసినవాని సేవకూ, కాదంటే ఏమనుకుంటారోనన్న భయంతో చేసే సేవకూ పైకి తేడా కనిపించదు, కానీ రెండోది మనిషిని లోపలినుండి తినివేస్తుంది.

అలాగని పొరుగువారిని పక్కన పెట్టి మనలోనికి మనం తొంగిచూసుకుంటే నిజస్వరూపం దొరుకుతుందనీ నేను అనను. మన జిల్లాలనుండి ఎందరో వైద్యానికి వెళ్లే వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ మిషనరీల ఇంట పుట్టినా, ఆ జీవితం తనకు వద్దనుకున్న అమ్మాయి. 1890లో, జబ్బుపడిన తల్లికి సాయంగా తిండివనం వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు మగవారు వేర్వేరుగా వచ్చి, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యల కోసం ఆమెను పిలిచారు. ఆమెకు వైద్యం రాదు. వైద్యుడైన ఆమె తండ్రి పురుషుడు గనుక ఆయన రావడానికి వారు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో తిరిగివచ్చి, ఒక్క మంచంతో వేలూరులో పని మొదలుపెట్టింది; 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. తనకు తెలియని తనను ఆమె పరుల గుమ్మం ముందు కనుగొన్నదని నేను నమ్ముతాను. అయితే ఆమె ఆ రాత్రి అడిగిన ప్రతి పనికీ తలూపలేదు. ఒక్క పిలుపును విని, దానికోసం సంవత్సరాలు చదివింది.

అందుకే, మీరు మోస్తున్న పనుల్లో ఏది పిలుపో, ఏది మొగమాటమో ప్రార్థనలో ఉంచి చూడండి. సండే స్కూలు పిల్లల మధ్య మీకు సంతోషం ఉంటే దాన్ని ఉంచుకొని, స్త్రీల కూడిక బాధ్యతను మరొక సహోదరికి అప్పగిస్తానని మీ కాపరితో చెప్పండి. ఆసుపత్రిలో ఒక రాత్రి మీరు, ఒక రాత్రి మీ భర్తగారు ఉండేలా ఆయనతో మాట్లాడండి. అది వారి తల్లికి ఆయన చేయవలసిన సేవ కూడా. ఇంట్లో ఉన్న రాత్రి పడుకునే ముందు, లూకా 15:31ని "కుమారుడా" అన్నచోట "కుమారీ" అని మార్చి, పైకి వినబడేలా చదువుకోండి.