ఇంట్లో అచ్చు అద్దకం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అక్కా, ఆన్‌లైన్‌లో టేకు అచ్చులు తెప్పించుకుని, ఫ్యాబ్రిక్ పెయింట్ కొని, కొత్త కాటన్ బట్ట మీద దిండు గలీబులకి పూలు అద్దాను. ఒకచోట ముద్దలా పడింది, ఇంకోచోట సగమే పడింది, రెండు ఉతుకులకే రంగు వెలిసిపోయింది. అచ్చులు నాసిరకమా?
(కాకినాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అచ్చుల తప్పేం లేదమ్మా, నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇవే, అందరూ అచ్చునే తిడతారు. ముందు బట్ట సంగతి చూడండి. మిల్లులో నేసేటప్పుడు నూలుకి గంజి పెడతారు, షాపులో పెళపెళలాడేది అదే, అది ఉన్నంతసేపు రంగు నూలులోకి దిగదు, పైపైనే కూర్చుని ఉతికితే పోతుంది. అందుకని సబ్బు పొడి, కొంచెం వాషింగ్ సోడా వేసిన నీళ్ళలో బట్టని ఓ అరగంట ఉడకబెట్టి బాగా జాడించండి, కంఫర్ట్ లాంటివి మాత్రం వెయ్యకండి. ఆరాక ఒక నీటిచుక్క వేసి చూడండి, వెంటనే పీల్చేసుకుంటే బట్ట రెడీ, చుక్క గుండ్రంగా పైనే నిలబడితే మళ్ళీ ఉడకబెట్టాల్సిందే.

సగం సగం పడటానికి కారణం కింద గట్టి బల్ల. పాత దుప్పటి నాలుగైదు మడతలు పరిచి దానిమీద కాటన్ చీర ముడత లేకుండా బిగించి కట్టండి. అప్పుడు అచ్చు కాస్త దిగి గీత గీతా బట్టకి తగులుతుంది. బందరు పక్కన, అచ్చు కలంకారీకి పేరుపడ్డ పెదనలో అద్దకం బల్లల మీద కూడా అందుకే మందంగా పరుస్తారు.

ఇక ముద్దలు. అచ్చుని రంగులో ముంచడం, బ్రష్‌తో రంగు పుయ్యడం, రెండూ వద్దు. వెడల్పు ట్రేలో పల్చటి స్పాంజి పెట్టి దానిమీద పల్చటి నూలుగుడ్డ పరిచి, రంగుని స్పూనుతో సమంగా రాయండి, అదే మీ ప్యాడ్. అచ్చుని దానిమీద మెల్లగా ఒకటి రెండుసార్లు నొక్కి, తిప్పి వెలుతురులో చూడండి: ఎత్తుగా చెక్కిన గీతలు మాత్రమే తడిగా మెరవాలి, లోపలి గుంటల్లో రంగు కనపడితే టూత్‌బ్రష్‌తో తీసేసి మళ్ళీ మొదలెట్టండి. బట్ట మీద పెట్టాక అరచేతి మడమతో ఒక్క దెబ్బ, తర్వాత నిలువుగా పైకి తియ్యండి, పక్కకి లాగితే అలికినట్టు అయిపోతుంది. అచ్చు వెనక చిన్న చిన్న బెజ్జాలుంటాయి చూడండి, అవి గాలి పోవడానికి పెట్టినవి, ఎవరో చెప్పారని మైనంతో పూడ్చకండి!!

వెలిసిపోవడం గురించి. నీడన ఒక రోజంతా ఆరనిచ్చి, తిరగేసి, ఆవిరి లేకుండా కాటన్ వేడిలో ఇస్త్రీ చెయ్యండి, ఒక్కోచోట మూడు నాలుగు నిమిషాలు, పెట్టెని కదుపుతూ. రంగులో ఉన్న బైండర్, అంటే రంగుని బట్టకి అంటించే పదార్థం, ఆ వేడికే నూలుని పట్టుకుంటుంది. మొదటి ఉతుకు కనీసం మూడు రోజులాగి, చేత్తో. ఇంకోటి, పని అవ్వగానే అచ్చు కడిగేసి నీడన ఆరబెట్టండి, నీళ్ళలో నానబెట్టి వదిలేస్తే చెక్క వంకర తిరుగుతుంది, వంకర తిరిగిన అచ్చు ఇక దేనికీ పనికిరాదు. కొత్త అచ్చు ఐతే ముందు నూనె పట్టించి ఒకట్రెండు రోజులు ఉంచి తుడిచేస్తే పగుళ్ళు రావు.

ప్రశ్న: మా దిక్కు అచ్చులు దొరుకుతలేవు. బెండకాయ, ఆలుగడ్డ తోని చేస్తే ఐతదా? పిల్లలతోని చేపిద్దామని.
(వరంగల్ నుంచి)

జవాబు: మంచిగైతది! బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు తయారుగానే ఉంటుంది, కోసిన వైపు గుడ్డ మీద పెట్టి జిగురు పీల్చనివ్వండి. ఆలుగడ్డ కోసి, డిజైన్ చెక్కాక బాగా తుడవాలి, లేకపోతే దాని నీళ్ళకి రంగు పలుచనైతది, పైగా కొన్ని గంటలకే మెత్తబడతది కాబట్టి ఆ పూటే ముగించండి. కొంచెం పెద్ద పిల్లలైతే పెద్ద రబ్బరు మీద మీరు దగ్గరుండి చెక్కిస్తే చాలా రోజులొస్తది. అక్షరాలు చెక్కేటప్పుడు తిరగేసి చెక్కాలని మాత్రం ముందే చెప్పండి.

ప్రశ్న: నాకు కెమికల్ రంగులు వద్దు. మా అమ్మమ్మది బందరు. పాత కలంకారీ దుప్పట్లలో ఉండే ఆ నలుపు అపార్ట్‌మెంట్‌లో ఉండి చేసుకోవచ్చా?
(బెంగుళూరు నుంచి)

జవాబు: చేసుకోవచ్చు, ఈ ప్రశ్న చదివి నాకు ఎంత సంతోషమేసిందో. ఆ నలుపు డబ్బాలో దొరికే రంగు కాదు, బట్ట మీదే పుడుతుంది, అందుకే మొదలు బట్ట నుంచే.

గంజి తీసిన బట్టని కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి, 100 గ్రాముల బట్టకి 20 గ్రాముల పొడి సరిపోతుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసేవాళ్ళు ఇందులో గేదెపాలు కూడా కలుపుతారు, పాల కొవ్వు ఉంటే గీత పక్కలకి పాకదు. బట్ట లేత పసుపు రంగుకి వచ్చాక గట్టిగా పిండకుండా ఎండలో పరిచి ఆరబెట్టండి. స్టీలు గిన్నె వాడండి, ఇనుప బాండీలో చేస్తే బట్ట మొత్తం మసి రంగుకి తిరుగుతుంది. రంగు పనికి వాడిన గిన్నె మళ్ళీ వంటకి వద్దు.

రెండోది ఇనుప నీళ్ళు. తుప్పు మేకులు, బెల్లం, నీళ్ళు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి రెండు మూడు వారాలు పులియనివ్వాలి, గ్యాస్ వస్తుంది కాబట్టి మూత బిగించకండి. బాల్కనీలో పెట్టుకోండి, వాసన గట్టిగానే ఉంటుంది, పక్క ఫ్లాట్ వాళ్ళకి ఒక మాట ముందే చెప్పడం మంచిది. తర్వాత వడకట్టి తుమ్మ జిగురు కలిపి దోసెల పిండిలా చిక్కగా చేసుకుని, మొదటి జవాబులో చెప్పినలాంటి ప్యాడ్ మీద వాడండి.

ఇప్పుడు అద్ది చూడండి. ప్యాడ్ మీద ఏదో మురికి గోధుమ రంగులా ఉన్నది కరక్కాయ బట్టకి తగలగానే మీ కళ్ళముందే నల్లబడుతుంది, కరక్కాయలోని టానిన్ (వగరు పదార్థం), ఇనుము కలిసినప్పుడు జరిగేది అదే. ఒకట్రెండు రోజులుంచి ఎక్కువ నీళ్ళలో, మడతలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆడిస్తూ కడగండి, లేదంటే మిగిలిపోయిన ఇనుము బట్టలోని పసుపు భాగమంతా మరకలు చేస్తుంది. పెదనవాళ్ళు పారే నీళ్ళలో ఉతికేది ఇందుకే, మనకి కాలవ లేదు కాబట్టి టబ్బులో నీళ్ళు మార్చుకుంటూ ఉండాలి. ఇనుప నీళ్ళు మరీ ఘాటుగా చెయ్యొద్దు, ఎక్కువైతే ఏళ్ళు గడిచాక నూలుని తినేస్తుంది, మ్యూజియంల్లో ఉన్న పాత అద్దకాల్లో నల్లగీత ఉన్నచోటే బట్ట చిరిగి ఉండటానికి కారణం ఇదే.

ఎరుపు కావాలంటే పటిక, జిగురు కలిపి అద్ది, కడిగి, మంజిష్ఠ (ఎర్రరంగునిచ్చే వేరు) నీళ్ళలో ఉడకబెట్టాలి, పటిక పడినచోటే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. కానీ మొదటిసారే రెండూ పెట్టుకోకండి, నలుపు కుదిరాక చూద్దాం.

ప్రశ్న: ఎగ్జిబిషన్‌లో హ్యాండ్ బ్లాక్ కలంకారీ అని చీర కొన్నా. పక్కింటి ఆంటీ అది స్క్రీన్ ప్రింట్ అంటున్నారు. ఎలా తెలుస్తుందండీ?
(విజయవాడ నుంచి)

జవాబు: స్క్రీన్ ప్రింట్ అంటే చెక్క అచ్చు లేకుండా, డిజైన్ ఉన్న జాలీ ఫ్రేము గుండా రంగుని బట్ట మీదకి దించడం. చీర పరిచి ఒకే పువ్వుని పది చోట్ల పోల్చి చూడండి. చేత్తో అద్దినదైతే ఒకచోట ముదురు, ఒకచోట లేత, అచ్చుకి అచ్చు కలిసే జాయింటులో వెంట్రుకవాసి తేడా, నల్లగీతకీ లోపలి ఎరుపుకీ మధ్య అక్కడక్కడ సందు, ఇలాంటివి ఏదో ఒకటి కనిపిస్తుంది. పదీ ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే. పెదనలో కూడా స్క్రీన్ ప్రింట్ చాలా నడుస్తోంది, అదీ కష్టమే, దాన్ని దాని పేరుతో అమ్మితే నాకేం అభ్యంతరం లేదు, కానీ అచ్చు అద్దకం పేరు పెట్టి అమ్మితే మాత్రం అద్దేవాళ్ళ కడుపు కొట్టినట్టే.

ఒక లెక్క చూడండి. ఐదున్నర మీటర్ల చీర, 45 అంగుళాల పన్నా, 4 అంగుళాల అచ్చు. అడ్డంగా 11, పొడుగునా 54, అంటే ఒక్క రంగుకే దాదాపు 600 సార్లు అచ్చు వెయ్యాలి. మూడు రంగులుంటే సుమారు 1800, ప్రతిసారీ ముందు పడినదానికి గురి చూసి. ఆ చీర స్క్రీన్ ప్రింట్ ధరకే ఎలా వస్తుంది చెప్పండి? ఈసారి కొనేముందు ఈ చీరకి ఎన్ని అచ్చులు వాడారు, ఏ రంగు ముందు వేశారు అని అడగండి, అద్దకం తెలిసినవాళ్ళైతే అచ్చు తీసి మరీ చూపిస్తారు.