పిల్లి చచ్చిపోయే కథ పాపకి చదవొచ్చా?

ప్రశ్న: లండన్‌లో ఉండే మా ఆడపడుచు మా ఆరేళ్ల పాపకి జూడిత్ కెర్ రాసిన ‘మాగ్’ బొమ్మల పుస్తకాలు పంపింది. మాగ్ అంటే పిల్లి. ఒక పుస్తకంలో అది చచ్చిపోతుందని తెలిసి దాన్ని బీరువాలో దాచేశాను. నేను చేసింది కరెక్టేనా? ఇంకోటి, మాగ్ నిజంగా ఉండేదా అని పాప రోజూ ప్రాణం తీస్తోంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు పాప సంగతి చూద్దాం. ఉండేదని చెప్పండి. మాగ్ రచయిత్రి ఇంట్లో పెరిగిన పిల్లే. రాత్రిపూట నిద్రపోతున్న ఆవిడ కూతురి జుట్టు నాకడం దానికి అలవాటు, అది ఉన్నదున్నట్టు 1970లో వచ్చిన మొదటి పుస్తకంలోకి ఎక్కేసింది. పిల్లి నాకుతుంటే కథలోని పాప డెబ్బీకి పులి నాకుతున్నట్టు పీడకల వస్తుంది, గుర్తుందా? కథలోని పిల్లల పేర్లు డెబ్బీ, నిక్కీ అనేవి కూడా రచయిత్రి పిల్లల పూర్తి పేర్లలోంచి తీసినవే. మన సామెతల్లో పిల్లి అయితే కళ్లు మూసుకుని పాలు తాగుతుంది, లేదంటే ఎదురొచ్చి పని చెడగొడుతుంది. ఈవిడ పిల్లి మాత్రం తన కోసం తలుపుకి పెట్టిన బుల్లి తలుపునే మర్చిపోయి, బయట కూర్చుని అరుస్తుంది.

ఆ పిల్లి దొరకడానికి ఆవిడకి చాలా ఏళ్లు పట్టింది. 1923లో బెర్లిన్‌లో పుట్టారు, తండ్రి యూదు రచయిత, హిట్లర్ మీద రాసినవాడు. 1933లో తొమ్మిదేళ్ల పిల్లగా ఉండగా కుటుంబమంతా దేశం వదిలి, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ తిరిగి 1936లో లండన్ చేరారు. ఇష్టమైన బొమ్మ కుందేలునే బెర్లిన్‌లో వదిలేసి రావాల్సి వచ్చిన పిల్లకి ఇంక పిల్లిని ఎక్కడ పెంచనిస్తారు? పెళ్లయి, పిల్లలు పుట్టి, సొంతిల్లు కుదిరాకే ఆ ముచ్చట తీరింది.

ఇప్పుడు మీరు దాచిన పుస్తకం. అది 2002లో వచ్చింది, అప్పటికి ఆవిడకి ఎనభై దగ్గర పడుతున్నాయి. మీరు అది పూర్తిగా చదవలేదని నా అనుమానం, ఏమనుకోకండి, ఎందుకంటే మాగ్ చచ్చిపోయేది ఆఖర్లో కాదు, మొదట్లోనే. అలిసిపోయి శాశ్వతంగా నిద్రపోతుంది, కానీ తర్వాత ఏం జరుగుతుందో చూద్దామని దానిలో ఓ చిన్న భాగం మాత్రం మెలకువగా ఉండిపోతుంది. ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. తర్వాత ఓ పిల్లికూన వస్తుంది, దానికి ప్రతిదానికీ భయమే. దాన్ని దారిలో పెట్టాకే మాగ్ వెళ్లిపోతుంది. చదివి వినిపించండి, కాకపోతే పడుకోబోయే ముందు వద్దు, ఆదివారం పొద్దున పెట్టుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, ‘ఊరుకో, ఉత్త కథేగా’ అని మాత్రం అనకండి. కథ కాదని ఇప్పుడే మనం పాపకి చెప్పాం కదా!

ఆవిడ మాత్రం అక్కడితో పిల్లుల్ని వదల్లేదు. తెల్లటి ఒంటికి ఎవరిదో తోక తెచ్చి అతికించినట్టు చారల తోకున్న కటింకా అనే పిల్లి ఇంట్లో చేరితే, 2017లో ఆ తోక మీదే ఓ పుస్తకం చేశారు. 2019లో, 95 ఏళ్లకి పోయారు.

అన్నట్టు, 2015 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో ఒక సూపర్‌మార్కెట్ ప్రకటన కోసం మాగ్ మళ్లీ వచ్చింది, పుస్తకం కూడా వేశారు. మీ ఆడపడుచు అదీ పంపితే, చచ్చిపోయిన పిల్లి ఎలా వచ్చిందని పాప అడక్కమానదు. ఆ ప్రశ్న నాకు పంపకండి, మీరే చూసుకోండి.