సౌదీలో మత ఛాందసం నిజంగా తగ్గిందా, లేక పైపై షోనా? – రియాద్‌లో హౌస్ డ్రైవర్‌గా చేసినోడి మాట

సౌదీ ప్రభుత్వం మత ఛాందసాన్ని అణచడం, దేశంలో మార్పులు తేవడం నిజమేనా, బయటి దేశాలోళ్ళకి చూపించే షోనా అని అడిగినారు. నిజమే. దీనికి సమాధానాలు రాసిన మిగతావాళ్ళల్లో ఒక్కరు కూడా రియాద్ ఎండలో నిలబడినట్టు లేదు, అంతా టీవీ చూసి రాసిందే. మాది చిత్తూరు పక్కన పల్లె, ముస్లిములమే, రియాద్‌లో ఒక సౌదీ ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా కొన్నేండ్లు చేసినా, ఇప్పుడు తిరుపతిలో ట్యాక్సీ నడుపుతా ఉండా.

2016కి ముందు అక్కడ ముతవ్వాలు అంటే మత పోలీసులు, వాళ్ళ పెత్తనం ఎట్లుండేదో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. మీసం కత్తిరించి గడ్డం వదిలేసి, తోబు (అక్కడి మగోళ్ళు వేసుకునే పొడుగాటి అంగీ) చీలమండల పైకి, తలమీద రుమాలుంటాది గానీ మిగతా సౌదీలు పెట్టుకునే నల్లతాడు ఉండదు, దూరం నుంచే గుర్తుపట్టేయొచ్చు. ఒకరోజు మా ఇంటి మేడమ్ రియాద్‌లో ఒలయ్యా అనే ఏరియాలో ఒక మాల్‌లోకి పొయ్యింది. చిన్నపాపకి జ్వరం, వెనక సీట్లో నిద్రపోతా ఉండాది, ఏసీ ఆన్‌లో పెట్టి నేను డోరు దగ్గర నిలబడినా. అసర్ (సాయంత్రం నమాజ్) అజాన్ అయ్యింది, అన్ని షట్టర్లూ దడదడా దించేసినారు, పక్కన కఫెటేరియాలో బెంగాలీ పిల్లోడు సగం తిన్నోళ్ళని కూడా బయటికి పంపించేసినాడు. అప్పుడొచ్చింది ముతవ్వాల జీఎంసీ బండి, మైకులో సలా సలా (నమాజ్, నమాజ్) అని అరుచుకుంటా, వచ్చి సరిగ్గా నా ముందరే ఆగింది. ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు) తీయమన్నాడు, ఇచ్చినా. నువ్వు ముస్లిమా అన్నాడు. అవునన్నా. అదే కొంప ముంచింది, ముస్లిమువై ఉండి మసీదుకి పోకుండా ఇక్కడేం చేస్తా ఉండావని బండెక్కమన్నాడు. నాకొచ్చిన అరబ్బీలో పాప, జ్వరం, ఎండ, ఒక్కదాన్నే వదిలి ఎట్ల పోను అని చెప్తానే ఉండా, వినడే. ఎండలో కారులో పసిబిడ్డని వదిలేసి రావడం వాడికి తప్పుగా కనపడలా చూడండి, అది నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి. ఇంతలో మేడమ్ ఎట్లనో బయటికొచ్చి అరిచింది. వాడు ఆమె పక్క చూడకుండా నేలకేసి చూస్తా ముందు మొహం కప్పుకో అంటాడు. ఆఖరికి మా కఫీల్‌కి, అంటే నన్ను వీసా మీద పెట్టుకున్న యజమానికి, ఫోన్ కలిపి ఆయన మాట్లాడినాక ఇకామా నా కాళ్ళ దగ్గర పడేసి పొయ్యినారు. పరాయి మగోడితో ఆడమనిషి ఒంటిగా ఉండకూడదని చెప్పేదీ వీళ్ళే, ఆమె స్టీరింగ్ పట్టకూడదని చెప్పేదీ వీళ్ళే, మరి ఆమె నాలాంటి పరాయోడి కారులో పొద్దస్తమానం తిరగతా ఉంటే ఒక్కడన్నా అడిగినాడా?

2016 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ ముతవ్వాల మీద ఒక్క నిర్ణయం చేసింది. మీరు ఎవర్నీ వెంటబడి పట్టుకోకూడదు, అరెస్టు చేయకూడదు, ఐడీ కూడా అడగకూడదు, ఏమన్నా ఉంటే పోలీసులకి చెప్పండి అంతే అనింది. కొన్నాళ్ళకే అదే జీఎంసీలు తల వంచుకుని పోతా ఉంటే చూసినా. అందుకే నేను చెప్పేది, జనాలు ఛాందసులు, తరాలు మారితే గానీ ఏదీ మారదు అని రాసేవన్నీ ఉత్త మాటలు. ఆ పెత్తనం సర్కారు జీతం మీద, సర్కారు బండి మీద బతికింది, అధికారం తీసేస్తే చల్లబడిపోయింది.

మరి అంత సులభమైంది ముందే ఎందుకు చేయలేదంటే, డబ్బులుండాయి కాబట్టి. 1979లో జుహైమాన్ అనేవాడు మనుషుల్ని వేసుకుని మక్కా మసీదునే పట్టుకున్నాక, సర్కారు మతపెద్దల్ని మంచి చేసుకోవడానికి పగ్గాలు వాళ్ళ చేతిలో పెట్టింది. 2003లో రియాద్‌లోనే కాంపౌండ్ల మీద బాంబులు పడినాక మాత్రం తీవ్రవాదుల్ని పట్టి లోపలేసింది, కొంతమందికి కౌన్సెలింగ్ కూడా పెట్టింది, కానీ బజార్లో ముతవ్వాల జోలికి పోలేదు. 2014 నుంచి ఆయిల్ రేటు పడిపోతా వచ్చి 2016 జనవరికి బ్యారెల్ 30 డాలర్ల లోపలికి దిగింది. ఆ ఏప్రిల్‌లోనే విజన్ 2030 అని దేశాన్ని మార్చే ప్లాను ఒకటి చెప్పినారు. టూరిస్టులు రావాల, ఆడవాళ్ళు ఉద్యోగాలకి పోవాల, సినిమా హాళ్ళు కావాల. ముతవ్వా రోడ్డుమీదుంటే ఇవేవీ జరగవు. నా లెక్కలో ఇది మనసు మారడం కాదు, ఖజానా లెక్క. అయినా ఏమి, పాపకి జ్వరమొచ్చినప్పుడు డ్రైవర్‌ని బండెక్కించేవాడు లేడు కదా, అది చాలు.

ఇంకోపక్క కూడా చెప్పాల. 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్ళు కారు నడపొచ్చన్నారు. మా మేడమ్ లైసెన్స్ తెచ్చుకుంది, పార్కింగ్‌లో రివర్స్ నేనే నేర్పించినా, బాగానే నడిపేది. ఆ తర్వాత కఫీల్ చేతిలో డబ్బులు తక్కువై, ఆ ఏడు జనవరిలోనే వచ్చిన 5 శాతం వ్యాట్ పన్ను కూడా తోడై, నాకు ఫైనల్ ఎగ్జిట్ (పని ముగించి దేశం నుంచి పంపేసే వీసా) కొట్టినాడు. దానికి నేనేమీ ఏడవడం లేదు, ఆమె కారు ఆమె నడుపుకోవడం న్యాయమే. కానీ ఆ హక్కు కోసం ఏండ్ల తరబడి కొట్లాడిన ఆడవాళ్ళని లుజైన్ అల్ హథ్లూల్‌తో సహా అదే 2018 మే నెలలో పట్టి లోపలేసినారు. అంతకుముందు 2017 సెప్టెంబర్‌లో సల్మాన్ అల్ ఔదా లాంటి మతపెద్దల్ని కూడా పట్టినారు. అంటే ఛాందసం కాదు వాళ్ళ బాధ, మాకు చెప్పకుండా నోరు తెరిచినోడెవడైనా సరే అని.

2021లో మసీదు మైకుల సౌండు మూడో వంతుకి తగ్గించమన్నారు, నమాజ్ టైమ్‌లో అంగళ్ళు తెరిచిపెట్టుకోవచ్చన్నారు, మా బావమరిది ఇంకా అక్కడే ఉండాడు, వాడే చెప్పినాడు. మన దగ్గర రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు పెట్టకూడదని 2000 నుంచే రూలు ఉండాది సామీ, ఎవురు పాటిస్తారు? కొండకి తెల్లారుజామున ట్రిప్పు ఉంటాది, ఘాట్ రోడ్డు ఎక్కాల, రాత్రంతా వీధిలో మైకు. గుడా, మసీదా, చర్చా, లీడర్ పుట్టినరోజా అని నేను తేడా చూడను, నాకు కావాల్సింది నిద్ర. స్టేషన్‌కి ఫోన్ చేస్తే నీ పేరేంది, ఊరేంది అని నన్నే ఎంక్వైరీ చేస్తారు.

సరే, అసలు నేను చెప్పాలనుకుంది ఇది. 2021 మార్చి నుంచి సౌదీలో కఫీల్ ఒప్పుకోకపోయినా కంపెనీ మారొచ్చు అని చట్టం మార్చినారు, మన పేపర్లన్నీ కఫాలా (పనోడిని కఫీల్‌కి కట్టేసే పద్ధతి) పొయ్యింది అని రాసేసినాయి. అందులో ఇంట్లో పనిచేసే ఖద్దామాలు లేరు, హౌస్ డ్రైవర్లు లేరు, గొర్రెలు కాసేవాళ్ళు, తోటపని వాళ్ళు లేరు. మన రాయలసీమ నుంచి ఎక్కువగా పొయ్యేది ఈ పనులకే. అక్కడ అంతా మారిపోయిందన్నా అని చెప్పి ఏజెంట్ మీకు ఆశ పెడితే, ముందు వీసా కాగితంలో ఏ పని అని ఉండాదో చదివించుకోండి, సాయిక్ ఖాస్ అని ఉంటే అది ఇంటి డ్రైవరే, కంపెనీ డ్రైవర్ కాదు. ఏజెంట్‌కి ఈ-మైగ్రేట్ అనే మన సర్కారు వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉండాదా చూడండి, సర్వీస్ చార్జి 30,000 ప్లస్ జీఎస్టీ, దానికి మించి అడిగితే లేచి వచ్చేయండి. చెన్నై ఫ్లైట్ ఎక్కినాక నాకు ఫోన్ చేసి ఏడిస్తే నేనేం చేయలేను.