రికార్డింగ్ గది: పంక్ ఆల్బమ్ చేస్తున్నవాళ్ల ప్రశ్నలు

ప్రశ్న: అక్కా, మేం నలుగురం. సొంత డబ్బుతో పంక్ ఆల్బమ్ చేస్తున్నాం. పన్నెండు పాటలు, అన్నీ కలిపి 27 నిమిషాలు. స్టూడియోలో క్లిక్ (వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్ చప్పుడు) పెట్టి ముందు డ్రమ్స్ తీశారు, తర్వాత బేస్, గిటార్, చివర్లో గొంతు. అన్నీ విడివిడిగానే. తప్పులేమీ లేవు, కానీ వింటుంటే మా బ్యాండ్‌లా లేదు. స్టేజీ మీద ఉండే ఊపు రాలేదు. మిక్సింగ్‌లో సరిచేద్దాం అంటున్నారు ఇంజనీర్. ఆగమంటారా, మళ్లీ రికార్డు చెయ్యమంటారా?

జవాబు: మళ్లీ చెయ్యండి. విడివిడిగా తీసిన ట్రాక్‌లని కలిపి సరిచూసేదే మిక్సింగ్. ట్రాక్‌లో ఉన్నదాన్ని అది పైకి తీసుకురాగలదు, లేనిదాన్ని పుట్టించలేదు. మీరు పంపిన రెండు పాటలూ విన్నాను. మీ డ్రమ్మర్ చెయ్యి చాలా బాగుంది, కానీ పాపం ఒక్కడే వాయిస్తున్నాడని తెలిసిపోతోంది. వేగంగా, గట్టిగా వాయించే ఈ పంక్ రాక్‌లో డ్రమ్మర్ గిటారిస్ట్ చేతిని చూస్తూ వాయిస్తాడు. కోరస్ రాబోతుంటే నలుగురూ కలిసి కాస్త ముందుకు ఉరుకుతారు, అది అయ్యాక మళ్లీ సర్దుకుంటారు. మీరు ఊపు అంటున్నది దాన్నే. క్లిక్ దాన్ని చదును చేసేసింది.

ఈసారి అందరూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనపడేలా నిలబడి పాట మొత్తం ఒకే దెబ్బలో వాయించండి. గొంతు తర్వాత పాడుకోవచ్చు. డ్రమ్స్ మైకుల్లోకి గిటార్ వచ్చేస్తుందని ఇంజనీర్ అభ్యంతరం చెప్తారు. వస్తుంది, కొంచెం రానివ్వండి. గిటార్ ఆంప్‌ని (గిటార్ శబ్దం బయటికొచ్చే స్పీకర్ పెట్టెని) డ్రమ్స్ వైపు కాకుండా అటు తిప్పి, మధ్యలో ఒక పరుపు నిలబెడితే చాలావరకు తగ్గుతుంది. ఒక్క ఇబ్బంది మాత్రం నిజంగా ఉంది. ఒకరు తప్పు వాయిస్తే ఆ ముక్క ఒక్కటే మార్చడం కష్టం. అందుకే స్టూడియోకి వెళ్లేసరికి పాటలు చేతుల్లోకి ఎక్కేసి ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే స్టూడియో గంటలు తగ్గించుకోండి, రిహార్సల్ గంటలు తగ్గించకండి.

అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976 మొదట్లో న్యూయార్క్‌లోని ప్లాజా సౌండ్ స్టూడియోలో సుమారు వారం రోజుల్లో, దాదాపు 6,400 డాలర్లతో పూర్తయింది. పద్నాలుగు పాటలు, అరగంట కూడా లేదు. ఆ వేగం స్టూడియోలో వచ్చింది కాదు. 1974 నుంచీ సీబీజీబీ అనే క్లబ్బులో అవే పాటలు అదే ఆపకుండా వాయించే పద్ధతిలో వాయిస్తూ వచ్చారు. స్టూడియోలో కొత్తగా వెతుక్కోవాల్సిందేమీ మిగల్లేదు. ఆ ఆల్బమ్‌ని ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి. బేస్ ఒక చెవిలో, గిటార్ ఇంకో చెవిలో, డ్రమ్స్, గొంతు మధ్యలో. ఎవరేం చేస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది, అయినా నలుగురూ ఒక్కటిగానే వినిపిస్తారు.

ఇంకో రెండు పనులు చెయ్యండి. గిటార్ డిస్టార్షన్‌ని (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్‌ని) స్టేజీ మీద పెట్టేదానికంటే బాగా తగ్గించండి. ఎక్కువైతే పిక్ తీగకు తగిలే దెబ్బ వినపడదు, అంతా ఒకటే హోరు. తగ్గించి, అదే భాగాన్ని రెండోసారి వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెట్టండి. అప్పుడు చూడండి ఎంత పెద్దగా వినిపిస్తుందో.

రెండోది మీ సింగర్ గురించి. అద్దాల గదిలో, ఖరీదైన కండెన్సర్ మైకు ముందు కదలకుండా నిలబెట్టినట్టున్నారు. టెన్షన్ గొంతులో తెలుస్తోంది. ఆమె రోజూ స్టేజీ మీద పట్టుకునే మైకు, షూర్ ఎస్ఎమ్58 లాంటిది, చేతికివ్వండి. హెడ్‌ఫోన్స్ తీసేసి పాటని స్పీకర్లలో పెట్టండి. గదిలో తిరుగుతూ పాడనివ్వండి. స్పీకర్ చప్పుడు కొంత మైకులోకి వస్తుంది, ఫర్వాలేదు. అరిచి పాడే పాటలన్నీ ఒకే రోజు పెట్టకండి. మూడు నాలుగు పాటలయ్యాక గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురు వినడానికి బాగానే ఉంటుంది, కానీ మర్నాటికి ఆమెకి మాట రాదు.

ప్రశ్న: మేడమ్, మా ఎల్పీ మొదటి పాటలో మతం మీద ఘాటైన మాటలున్నాయి. రికార్డు ప్రెస్ చెయ్యాల్సిన ఫ్యాక్టరీవాళ్లు ఆ పాట తీసేస్తేనే చేస్తామంటున్నారు. అడ్వాన్స్ ఇచ్చేశాం. ఏం చెయ్యాలి?

జవాబు: ఇంగ్లండ్ బ్యాండ్ క్రాస్‌కి అచ్చంగా ఇదే జరిగింది. 1978లో వాళ్ల మొదటి రికార్డు ప్రెస్ చెయ్యాల్సిన ఐర్లండ్ ఫ్యాక్టరీలో పనివాళ్లు మొదటి ట్రాక్ విని, మేం చెయ్యం అనేశారు. బ్యాండ్ ఆ ట్రాక్ తీసేసి, ఆ చోట దాదాపు రెండు నిమిషాల నిశ్శబ్దం పెట్టి, దానికి భావప్రకటన స్వేచ్ఛ చేసే శబ్దం ఇదీ అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. తర్వాత రికార్డులు విడుదల చేసే సొంత లేబుల్ పెట్టుకుని, ఆ ట్రాక్‌ని తిరిగి చేర్చి ఆల్బమ్‌ని మళ్లీ తెచ్చారు. కొనేవాళ్ల దగ్గర ఎవరూ ఎక్కువ గుంజకుండా తమ రికార్డుల అట్టల మీదే గరిష్ఠ ధర అచ్చు వేయించారు. వాళ్లలో నాకు బాగా నచ్చే సంగతి అదే.

పాట తీసెయ్యొద్దనే నా సలహా. అడ్వాన్స్ తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, ఇంకో ఫ్యాక్టరీ వెతకండి. ఈసారి డబ్బు కట్టకముందే పాటల సాహిత్యం పంపి ఒప్పుకోలు తీసుకోండి. టెస్ట్ ప్రెస్సింగ్ (అన్నీ ప్రెస్ చేసేముందు పంపే నమూనా రికార్డు) వచ్చినప్పుడు మామూలు ప్లేయర్ మీద చివరిదాకా వినండి. సూది లోపలి గాడుల్లోకి వెళ్లేకొద్దీ 'స', 'ష' శబ్దాలు చిరిగినట్టు వస్తాయి. కాబట్టి గట్టిగా అరిచే పాటని ఏ వైపూ చివర పెట్టకండి.

ప్రశ్న: నమస్తే అండీ. మా ఆల్బమ్ వచ్చి ఆరు నెలలైంది. వచ్చింది ఒకే ఒక్క రివ్యూ, అందులో అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయన్నారు. సగం రికార్డులు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. రెండో ఆల్బమ్‌కి పాటలు రాసుకున్నాం కానీ, మా సింగర్ ఇక ఆపేద్దాం అంటున్నాడు.

జవాబు: మీ ఆల్బమ్ మూడుసార్లు విన్నాను. పాటలు ఒకేలా లేవండీ, వాటిని పేర్చిన వరస బాగాలేదు. మొదటి నాలుగు పాటలదీ దాదాపు ఒకే వేగం, నాలుగూ అరుపుతోనే మొదలవుతాయి. ఒక్క బేస్‌తో మొదలయ్యే మీ ఏడో పాట అద్భుతం. దాన్ని రెండోదిగా పెట్టి ఉంటే ఆ రివ్యూ రాసినవాళ్లకి మిగతావి వేరుగా వినిపించేవి. ప్రెస్ చేసిన రికార్డుని ఎలాగూ మార్చలేరు. స్టేజీ మీద మాత్రం ఈ వారం నుంచే ఆ వరసలో వాయించండి.

ఇక ఆరు నెలల సంగతి. స్వీడన్ బ్యాండ్ రెఫ్యూజ్డ్ 1998లో ఒక ఆల్బమ్ చేసింది. పంక్‌లో ఇంకా వేగంగా, ఘాటుగా ఉండే హార్డ్‌కోర్ పంక్‌లోకి ఎలక్ట్రానిక్ చప్పుళ్లూ, జాజ్ ముక్కలూ తెచ్చారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది వచ్చిన ఏడాదే అమెరికా టూర్ మధ్యలో బ్యాండ్ విడిపోయింది. ఆఖరి కచేరీ ఒక ఇంటి బేస్‌మెంట్‌లో, దాన్నీ పోలీసులు మధ్యలో ఆపేశారు. తర్వాతి ఏళ్లలో ఆ ఆల్బమ్ చేతులు మారుతూ, నోటి మాటగా పాకింది. 2012లో వాళ్లు మళ్లీ కలిసి అమెరికాలోని కోచెల్లా సంగీత ఉత్సవంలో వాయించే నాటికి అది ఎన్నో బ్యాండ్లకి దారి చూపిన రికార్డు. రామోన్స్ మొదటి ఆల్బమ్ కూడా అమెరికా చార్టులో 111వ స్థానం దాటలేదు. అయిదు లక్షల కాపీలకి ఇచ్చే గోల్డ్ గుర్తింపు దానికి 2014లో గానీ రాలేదు.

వెంటనే ఆదరణ దొరికినవాళ్లూ లేకపోలేదు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ బ్యాండ్ స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ మొదటి ఆల్బమ్ 1979లో రఫ్ ట్రేడ్ అనే చిన్న లేబుల్ మీద వచ్చి బ్రిటన్ చార్టులో 14వ స్థానానికి వెళ్లింది. సైనికులూ, బాంబులూ, తనిఖీల మధ్య పెరిగిన కుర్రాళ్లు తమ ఊరి గురించే పాడారు. వినేవాళ్లకి అది నిజమని తెలిసింది. మీ ఏడో పాటలో కూడా ఆ నిజం ఉంది, అందుకే దాని గురించి ఇంతగా చెప్తున్నాను.

ఆ పెట్టెల్ని ఇంట్లో ఉంచకండి. ప్రతి కచేరీకీ తీసుకెళ్లి, వాయించడం అయిపోగానే బ్యాండ్‌వాళ్లే బల్ల దగ్గర నిలబడండి. అప్పుడే పాట విన్నవాళ్లు అప్పుడే కొంటారు. పంక్ గురించి రాసే చిన్న పత్రికలకీ, కాలేజీ రేడియోలకీ రికార్డుతో పాటు ఒక చిన్న ఉత్తరం చేత్తో రాసి పంపండి, ముందు ఏ పాట వినాలో అందులో చెప్పండి. మరో ఊరి బ్యాండ్‌తో చెరో ఇరవై రికార్డులు మార్చుకుని, వాళ్లవి మీరూ మీవి వాళ్లూ అమ్మండి.

మీ సింగర్‌ని ఇప్పుడు ఒప్పించే ప్రయత్నం చెయ్యకండి, అలసిపోయి ఉంటాడు. ఒక నెల విశ్రాంతి ఇవ్వండి. ఆ తర్వాత కొత్త పాటల్లోంచి రెండిటిని తీసి, చిన్న హాల్లో జనం ముందు వాయించి చూడండి. స్టూడియో బుక్ చెయ్యడం గురించి ఆ కచేరీ అయ్యాక మాట్లాడుకుందాం.