అందరూ ఏఐ అంటుంటే మావాడు నెట్‌వర్కింగ్ అంటున్నాడు

ప్రశ్న: మావాడు వరంగల్‌లో సీఎస్ఈ మూడో సంవత్సరం. వీడియో స్ట్రీమింగ్ సర్వర్లలో కంజెషన్ కంట్రోల్ మీద ప్రాజెక్టు చేస్తాడట. అందరి పిల్లలూ ఏఐ కోర్సుల్లో చేరుతున్నారు. చేరకపోతే ఫీజు కట్టనని చెప్పాను. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: 'అందరి పిల్లలూ' అన్నారు చూడండి, మీ భయమంతా ఆ మాటలోనే ఉంది. ఈ ప్రశ్న ఏటా వింటాను, కోర్సు పేరే మారుతుంది.

మీవాడు పట్టుకున్న కంజెషన్ కంట్రోల్, అంటే నెట్‌లో రద్దీ పెరిగినప్పుడు డేటా పంపే వేగాన్ని అదుపు చేయడం, చిన్న విషయం కాదు. మేడారం జాతరకు బస్సులన్నీ ఒక్కసారే వదిలితే తాడ్వాయి దారి ఏమవుతుందో మీకు తెలుసు. 1986లో ఇంటర్నెట్‌కూ అదే జరిగింది. బర్కిలీలో ఒక లింకు వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. కంప్యూటర్ శాస్త్రవేత్త వాన్ జాకబ్‌సన్ 1988లో దానికి దారి చూపించారు. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడే క్యూబిక్ పద్ధతి ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, దారిలో పోయేదాకా వేగం పెంచి, ఆ తర్వాత తగ్గిస్తుంది. 2016లో గూగుల్ తెచ్చిన బీబీఆర్ పద్ధతి, దారి ఎంత మోయగలదో, ఎంత ఆలస్యమవుతోందో కొలిచి, దాన్నిబట్టి డేటా పంపుతుంది. కానీ దాని మొదటి రూపం కొన్నిచోట్ల పక్కనున్న క్యూబిక్ కనెక్షన్ల వాటా తినేస్తుంది. పిల్లవాడికి పని అక్కడే ఉంది.

ఏఐ మీద నాకు కోపం లేదు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఇష్టంగా చదివేవాళ్లు తప్పకుండా వెళ్లాలి. మూడు నెలల కోర్సుల మీదే నా అనుమానం. నా దగ్గరికొచ్చే రెజ్యూమేల్లో అవే మూడు ప్రాజెక్టులు, అదే కోడ్. 'ఈ మోడల్ ఎందుకు తప్పింది?' అని అడిగితే మౌనం. లక్షలు పోసి ఆ మౌనం కొనకండి.

ఇక పోలిక. నెట్‌వర్కింగ్ పేరుతో క్యాంపస్ ఉద్యోగాలు తక్కువే, అది దాచను. కానీ సీ ప్రోగ్రామింగ్ భాష, లైనక్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా వచ్చినవాడు క్లౌడ్‌లోనూ, వెనక సర్వర్లలో నడిచే బ్యాకెండ్ పనిలోనూ పనికొస్తాడు. ధైర్యంగా ఉండండి.

ఫీజు ఆపుతానన్న మాట మాత్రం తప్పండీ. ఇష్టంతో చదివే పిల్లవాణ్ని బెదిరిస్తారా? ఆ మాట ఈరోజే వెనక్కి తీసుకోండి. ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేసి, అందులోని నెట్ఎమ్ అనే సాధనంతో కావాలని ఆలస్యం, ప్యాకెట్ నష్టం పెట్టి, క్యూబిక్, బీబీఆర్ రెండూ నడిపి గ్రాఫ్ గీయమనండి. పైసా ఖర్చు లేదు. ఈ ఆదివారం పక్కన కూర్చుని ఆ గ్రాఫ్ ఏంటో మీకు చెప్పమనండి.