ప్రశ్న నీ ఓపీలోంచి రావాలి

చిరంజీవి మాధవికి,

డాక్టర్‌గా రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఐదేళ్లలో 30 క్రెడిట్ అవర్లు కావాలి కాబట్టి సీఎంఈలకు, అంటే డాక్టర్లకు పెట్టే శిక్షణ సదస్సులకు, వెళ్లక తప్పదు. వెళ్లు. కానీ అక్కడ చెప్పేది స్పీకర్ ఎంచుకున్న ప్రశ్నకు జవాబు. నీ పేషెంట్ ప్రశ్నకు నువ్వే వెతుక్కోవాలి.

ఓపీలో తేలని ప్రశ్నలు ఒక నోట్‌బుక్‌లో రాసుకో. వారానికి ఒక్కటి పట్టుకుంటే చాలు. అయిదు పట్టుకుంటే నెల తిరక్కుండానే మానేస్తావు. ప్రశ్నలో నాలుగూ ఉండాలి: ఎవరికి, ఏ మందు, దేనితో పోల్చి, ఏ ఫలితం. "షుగర్‌కి ఆస్పిరిన్ మంచిదా?" అని వెతికితే వేల పేపర్లు వచ్చిపడతాయి. "గుండెజబ్బు లేని షుగర్ పేషెంట్‌కి రోజూ ఆస్పిరిన్ ఇస్తే, ఇవ్వనివాళ్లకంటే గుండెపోటు, పక్షవాతం తగ్గుతాయా?" అని వైద్య పేపర్లు వెతికే సైట్ పబ్‌మెడ్‌లో, దాని క్లినికల్ క్వెరీస్ పేజీలో వెతుకు. అది ఉచితమే.

2018లో వచ్చిన అసెండ్ ట్రయల్ దొరుకుతుంది. 15,480 మంది, సగటున ఏడేళ్లకు పైగా ఫాలోఅప్. గుండె, రక్తనాళాల తీవ్ర ఘటనలు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వాళ్లలో 9.6 శాతం, ఆస్పిరిన్ వాళ్లలో 8.5 శాతం. స్లైడ్ మీద దీన్ని "12 శాతం తగ్గుదల" అని వేస్తారు, అదీ అబద్ధం కాదు. నువ్వు మాత్రం తీసివేత చెయ్యి: తేడా 1.1. అంటే దాదాపు 90 మంది ఏడేళ్లు మింగితే ఒకరికి మేలు. అదే పేపర్లో తీవ్ర రక్తస్రావం 3.2 నుంచి 4.1కి పెరిగింది, దాదాపు 110 మందిలో ఒకరికి కీడు. ఇక అందరికీ రాసే మందు కాదని తెలిసిపోతుంది.

చాలామంది ముగింపు పేరా చదివి మూసేస్తారు. ముందు ట్రయల్‌లో ఎలాంటివాళ్లు ఉన్నారో చెప్పే మొదటి టేబుల్ చూడు. ఆ ట్రయల్ బ్రిటన్‌ది, అందులో నూటికి 75 మంది అప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ వాడుతున్నారు. నీ పేషెంట్ వాడకపోతే ఆ అంకె అతనికి అలాగే అతకదు. ఎవరికి ఏ మందు పడుతుందో డాక్టర్లకు ముందే తెలిసే వీలుందా, మధ్యలో ఎంతమంది జారిపోయారు, కొలిచింది ప్రాణాలనా లేక ల్యాబ్ రిపోర్టునా, ఇవీ చూడు. 1989లో క్యాస్ట్ ట్రయల్‌లో గుండెపోటు వచ్చినవాళ్లకు గుండె లయ సరిచేసే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇస్తే ఎక్టోపిక్స్ (లయ తప్పి పడే అదనపు గుండె దెబ్బలు) అణిగాయి, చావులు పెరిగాయి.

తేలిన జవాబు తేదీ వేసి నాలుగు లైన్లలో రాసిపెట్టుకో. ఏడాది దాటితే మళ్లీ వెతుకు.

మందుల కంపెనీ రెప్ బ్రోషర్ తెస్తే రెండు గ్రూపుల్లోనూ నూటికి ఎంతమందికి ఏం జరిగిందో అడుగు. శాతం తగ్గుదల తప్ప ఇంకేం చెప్పలేకపోతే బ్రోషర్ తిరిగి ఇచ్చేయ్.

ఆశీస్సులతో,
పెదనాన్న