పెళ్లయినంక ఇంటిపేరు మార్చుకోవాల్నా?

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ, పెళ్లయి ఆర్నెల్లయింది, అత్తమ్మోళ్లు ఆధార్‌ల ఇంటిపేరు మార్చుకో అంటున్నరు, నా టెన్త్ మెమో, డిగ్రీ అన్నీ పుట్టింటి పేరు మీదనే ఉన్నయ్. ఏం చెయ్యాలె?

జవాబు: మార్చుకోవాల్నని చట్టంల ఎక్కడ లేదు చెల్లె, అది నీ ఇష్టం. నన్నడిగితే మాత్రం వద్దంట, ఎందుకంటే మెమోల ఒక పేరు ఆధార్‌ల ఒక పేరు ఉంటే రేపు ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూసేటప్పుడు నీకే తిప్పలు, మనకేమో ఇంటిపేరు ముందు రాస్తరాయె, ఇనిషియల్ మారినా అడుగుతరు. అయినా మారుస్త అంటే ముందుగాల మ్యారేజ్ సర్టిఫికెట్ తీస్కో, దాంతోని ఆధార్, తర్వాత పాన్, బ్యాంకు. ఆధార్‌ల పేరు మార్చుడు రెండుసార్లే, స్పెల్లింగ్ మంచిగ చూస్కో. భర్త పేరు పాస్‌పోర్ట్‌ల ఎక్కియ్యాలంటే ఇంటిపేరు మార్చే పనే లేదు.